కొమ్మ దగ్గర నిలబడే మనిషి

"ఇక్కడ ఆపు, చాలు," అంది గున్వోర్.

హాల్వర్ ఆపలేదు. మంచు తోసే బండి ఎంతవరకు దారి చేసిందో అంతవరకూ కారు పోనిచ్చి, ఎదురుగా తెల్లటి గోడ అడ్డం వచ్చాకే బ్రేకు వేశాడు.

"అప్పుడే నన్ను ముసలిదాన్ని చేసేశావా?"

"నేనెవణ్ణి చెయ్యడానికి? మనిద్దరికీ బళ్ళో ఒకే రోజు టీకా వేశారు. నా వయసు నాకు తెలుసు కాబట్టి నీ వయసూ తెలుసు."

ఇద్దరూ దిగి వెనక తలుపు తీసి, మంచు మీద సామాను లాగే జారుబండిని చెరో కొసా పట్టుకుని కిందికి దించారు. గుడారం, నిద్రసంచి, గొర్రెతోలు, చిన్న స్టౌ, పార, తిండి మూట, అన్నిటినీ మందపాటి గుడ్డతో కప్పి తాళ్ళు బిగించి ఉన్నాయి. హాల్వర్ ఒక తాడు లాగి చూశాడు. గట్టిగానే ఉంది. అయినా విప్పి మళ్ళీ కట్టాడు. ఇంకో రోజైతే గున్వోర్ అతని చేతి మీద ఒక్కటి వేసేది. ఆ పొద్దున మాత్రం చూస్తూ ఊరుకుంది.

"చెరువు చివరిదాకా దారి గుర్తుకు కొమ్మలు పాతాం," అన్నాడు హాల్వర్. "పాతింది నేనే, కాబట్టి వంకరటింకరగా ఉంటే నన్నే తిట్టుకో. అక్కణ్ణుంచి మీ ముసలమ్మ రాయికి కొమ్మల్లేవు."

"ఎప్పుడున్నాయి గనక?"

"ఎప్పుడూ లేవనుకో. కానీ ఎప్పుడూ..." అని మధ్యలో ఆగిపోయాడు.

"ఎప్పుడూ ఇద్దరం వెళ్ళేవాళ్ళం. అను, నోరేం కాలదులే."

"రేపు గాలి పడమటికి తిరుగుతుందంటోంది రేడియో."

"రేడియో మాట వినుంటే నా బస్సు ఏ ఒక్కరోజూ షెడ్డు దాటేది కాదు."

హాల్వర్ టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. ఏదో పెద్దమాట చెప్పబోతున్నాడని గున్వోర్‌కు తెలిసిపోయింది.

"వెనక్కి తిరగడంలో సిగ్గేం లేదు, గున్వోర్."

ఆ లోయలో పిల్లలకు అక్షరాలకంటే ముందు వంటబట్టే మాట అది. కొండ మీద విడిది ఇళ్ళ తలుపుల మీద చెక్కి ఉంటుంది. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు చెవిలో సైతం ఎవడో ఒకడు ఆ మాట ఊది నవ్విస్తాడు. గున్వోర్ నవ్వలేదు. స్కీలు తొడుక్కుంది, నడుముకు జారుబండి పట్టీ బిగించుకుంది, చేతికర్రలు అందుకుంది.

"ఎల్లుండి మధ్యాహ్నానికి ఇక్కడుంటాను. నువ్వు రాకపోతే రోడ్డు మీదే నడుచుకుంటూ వస్తాలే," అని చెప్పి, చిన్న చెట్ల మధ్యకు ఎక్కుతూ వెళ్ళిపోయింది. ఆమె వెనకే మంచులో రెండు గీతలు, వాటి మీద జారుబండి చెరిపిన వెడల్పాటి చార. హాల్వర్ చాలాసేపు ఆ చారనే చూస్తూ నిలబడ్డాడు. ఆ దారిన ప్రతి ఏటా రెండు జతల గీతలు పడేవి.

గున్వోర్ బడి బస్సు నడిపేది. లోయకు రెండు వైపులా విసిరేసినట్టున్న ఇళ్ళ నుంచి పిల్లల్ని ఏరుకొచ్చి బడి దగ్గర దింపడం, సాయంత్రం మళ్ళీ ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళని దింపడం, ఇదే ఆమె ఉద్యోగం. ఏ మలుపులో ఎవరికి వాంతి వస్తుందో, ఏ ఇంటి ముందు హారన్ కొడితే కుక్క టైరుకు అడ్డం పడుతుందో ఆమెకు తెలుసు. మాటలు తక్కువ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, "బస్సులో రోజూ ముప్ఫైమంది ఉంటారు, ఇంట్లో కూడానా?" అనేది.

మాటలన్నీ అక్క ఓస్తాకు పోయాయనేవారు ఊళ్ళో. ఓస్తా ఏటికి ఆవలి ఒడ్డున మొగుడితో, ఆవులతో ఉండేది. వేసవిలో మందను కొండ మీది పచ్చికకు తోలుకెళ్ళి, సాయంత్రం పూట ఆవుల్ని పిలిచేది. ఆ పిలుపు కిందున్న ఊరి దాకా వినిపించేది. చర్చిలో పాట పాడేటప్పుడు పాదిరిగారు ఆమెను వెనక వరసలో నిలబెట్టేవారు, ముందు వరసలో నిలబెడితే మిగతావాళ్ళ పాట వినిపించదని.

ఫిబ్రవరిలో బడికి చలికాలం సెలవులిచ్చేవారు. బస్సుకూ సెలవే. ఆ వారంలో అక్కాచెల్లెళ్ళిద్దరూ స్కీల మీద కొండెక్కి, పైనున్న పెద్ద బయలు దాటి, ముసలమ్మ రాయి పక్కన గుడారం వేసుకుని పడుకునేవారు. ఏ ఏడాదీ మానలేదు. ఓస్తా కడుపుతో ఉన్న ఏడు కూడా వెళ్ళారు. అప్పుడు ఆమె మొగుడు టోర్‌స్టైన్ వాకిట్లో అడ్డంగా నిలబడి, "ఇంట్లో మంచం లేదనా మంచులో పడుకోడానికి పోతున్నావ్?" అని గట్టిగా అరిచాడట. "మంచం ఉంది, దాంట్లో నువ్వున్నావ్," అందట ఓస్తా. ఆ జవాబు లోయంతా తిరిగి ఏళ్ళ తరబడి నవ్వులు పూయించింది. అందరికంటే ఎక్కువ నవ్వింది టోర్‌స్టైనే.

ఆ బయలు మీద చెట్టు ఉండదు, పుట్ట ఉండదు. చలికాలంలో చెరువుకూ నేలకూ తేడా తెలియదు. అందుకే ఊరి కొండ సంఘం వాళ్ళు ప్రతి ఏడూ కింద అడవిలో బర్చ్ కొమ్మలు నరికి తీసుకెళ్ళి, దారి పొడుగునా మంచులో పాతుతారు. ఒక కొమ్మ దగ్గర నిలబడితే తరవాతి కొమ్మ కనిపించాలి, అంత దూరంలో ఉంటాయవి. ఎండ కాసే రోజున వాటిని ఎవరూ పట్టించుకోరు. ఆకాశం దిగి నేలతో కలిసిపోయి, పాలకుండలో పడ్డట్టు ఎటు చూసినా ఒకే తెలుపయ్యే రోజున ఆ కొమ్మే ప్రాణం. అప్పుడు పద్ధతి ఒకటే. ఇద్దరుంటే ఒకరు కొమ్మను పట్టుకుని నిలబడతారు. ఇంకొకరు ముందుకు వెళ్ళి తరవాతి కొమ్మను వెతుకుతారు, గొంతు అందినంత దూరమే. దొరికితే కేకేసి రెండోవాళ్ళని రమ్మంటారు. దొరక్కపోతే ఆ గొంతు పట్టుకుని వెనక్కొస్తారు. ఒక్కరే ఉంటే కొమ్మ వదలకూడదు. మంచు గొయ్యి తవ్వుకుని, తెరిపి ఇచ్చేదాకా అందులో కూర్చోవాలి.

నిలబడేది ఎప్పుడూ ఓస్తాయే. వెళ్ళేది గున్వోర్. ఎవరూ నిర్ణయించింది కాదు. గున్వోర్‌కు నిలబడితే కాళ్ళు తిమ్మిరెక్కేవి, ఓస్తాకు గొంతుంది. ముప్ఫై నలభై బారలు వెళ్ళాక గున్వోర్ వెనక్కి తిరక్కుండానే, "అక్కా!" అని కేక పెట్టేది. తెలుపులోంచి జవాబు వచ్చేది. ఏ ఒక్కసారీ ఒకే జవాబు కాదు.

"ఇక్కడే చచ్చాను, కానీవే!"

"కాలి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నా, రెండు తగ్గాయి!"

"నువ్వొచ్చేలోపు ఇంకో మొగుణ్ణి చూసుకుంటానే!" ఇది టోర్‌స్టైన్ పోయిన తరవాతి ఏడు.

జవాబులో పసలేకపోయినా పరవాలేదు. అది ఎటువైపు నుంచి వచ్చిందన్నదే ముఖ్యం. అయినా రాత్రి గుడారంలో స్టౌ మీద మంచు కరిగించి కాఫీ కాచుకుంటూ, ఆ రోజు జవాబుల్లో ఏది బాగుందో ఇద్దరూ తేల్చుకునేవారు.

పోయిన వేసవిలో ఓస్తా కడుపులో నొప్పి అంది. ఆకులు రాలేనాటికి మంచం పట్టింది. గున్వోర్ సాయంత్రం ట్రిప్పు అవగానే బస్సు షెడ్డులో పెట్టి, వంతెన దాటి వచ్చి పక్కన కూర్చునేది. ఒకనాడు ఓస్తా కళ్ళు మూసుకునే ఉండి అడిగింది.

"ఫిబ్రవరిలో వెళ్తావుగా?"

"నువ్వు లేకుండానా?"

"నేను లేకుండానే. ముసలమ్మ రాయి దగ్గర ఒక్క రాత్రి పడుకుని రా."

"ఎందుకే?"

"ఇంట్లో కూర్చుంటే తుప్పు పడతావు. నీ పాత బస్సుకి పట్టలా? మాటివ్వు."

"నీకు మాటిచ్చి బాగుపడ్డవాళ్ళెవరు?"

"టోర్‌స్టైన్ ఇచ్చాడుగా, చర్చిలో."

"అదే చెప్తున్నా."

ఇద్దరూ నవ్వారు. ఓస్తాకు నవ్వితే నొప్పి, కడుపు పట్టుకుంది. ఆ చేతి మీద చెయ్యి వేసి గున్వోర్, "సరే, వెళ్తాను," అంది. తన జీవితంలో ఆమె మాట తప్పిన సందర్భం ఊళ్ళో ఎవరూ చూపలేరు. మంచు తుపానులోనైనా బస్సు వస్తానన్న వేళకు వచ్చేది. ఇక ఆ మాట ఒక్కటే అక్క తరఫున ఆమె దగ్గర మిగిలింది. ఓస్తాను మట్టి చేసిన రోజు నుంచి ఫిబ్రవరి దాకా దానికోసమే తిన్నది, దానికోసమే పడుకున్నది.

మొదటి రోజు బాగానే గడిచింది. చెట్లు సన్నబడి, పొట్టివై, ఆఖరికి మోకాలెత్తు పొదలై, అవి కూడా ఆగిపోయినచోట గుడారం వేసుకుంది. ఒక్కతే వేయడం కష్టమయింది. ఒక కొస బిగిస్తే రెండో కొస లేచిపోతుంది. ఓస్తా అయితే గుడారం మీద అడ్డంగా పడుకుని, "కొట్టవే మేకు, నేను లేవను," అనేది. గున్వోర్ ఆ కొస మీదికి జారుబండి లాగి పెట్టింది.

దారిలో పట్నం నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు ఎదురై, నవ్వుతూ పలకరించి పోయారు. ఊళ్ళో ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్ళు కూడా కొండ మీద పలకరిస్తారు. వాళ్ళలో ఆ పిల్ల, "ఒక్కరే వెళ్తున్నారా? ఎంత ధైర్యమండీ!" అంది. ఏమనాలో తోచక, "ఆఁ, బరువు తక్కువ," అంది గున్వోర్. వాళ్ళు దాటిపోయాక ఆ మాట ఎందుకన్నానా అనుకుంది. బరువు ఏం తగ్గలేదు. గుడారం ఇద్దరిదే, స్టౌ ఇద్దరిదే, లాగే నడుమే ఒకటయింది.

రెండో రోజు పొద్దున బయలుదేరేసరికి ఆకాశం తేటగా లేదు, మబ్బుగానూ లేదు. బయలు మీద కొమ్మలు ఒక్కొక్కటే ఎదురొస్తున్నాయి. హాల్వర్ పాతిన కొమ్మలు నిజంగానే కొంచెం వంకరగా ఉన్నాయి. గాలి లేదు. రేడియోను తిట్టుకుంటూ, పాట కూనిరాగం తీస్తూ సగం దూరం వెళ్ళిపోయింది. ఎండుమాంసం ముక్క, బెల్లం రంగు జున్ను పెట్టిన రొట్టె నిలబడే తిన్నది. కాఫీ తాగి ఫ్లాస్కు మూత పెడుతుండగా ఎడమ చెంప మీద చల్లగా తగిలింది. పడమటి గాలి.

ఆ తరవాత ఎంతోసేపు పట్టలేదు. ముందు దూరపు కొండలు పోయాయి. తరవాత చెరువు అవతలి గట్టు పోయింది. నేల మీది పొడిమంచు పాములా పాకుతూ వచ్చి మడమలు కప్పింది, అక్కణ్ణుంచి లేచి మొహానికి కొట్టింది. గున్వోర్ తలవంచుకుని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు వెళ్ళింది. మళ్ళీ ఇంకోదానికి. అక్కడ ఆగి చూస్తే ముందు ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే వెనకా లేదు. కళ్ళ ముందున్న కొమ్మ ఒక్కటే నల్లగా వణుకుతోంది.

ఇక్కడే గొయ్యి తవ్వాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు, అది తెలియని మనిషి ఆ లోయలో లేడు. పార ఎక్కడ కట్టిందో చెయ్యి పోనిస్తే దొరుకుతుంది. కానీ చెరువు కొస దగ్గరకొచ్చింది. ఇంకో రెండు కొమ్మలో మూడు కొమ్మలో, అక్కణ్ణుంచి రాయి ఎంత దూరం గనక. ఇవన్నీ ఆలోచించిందా అంటే అదీ చెప్పలేం. నలభై ఏళ్ళుగా అలాంటి చోట తన కాళ్ళు ఏం చేసేవో అదే చేశాయి. తేలిగ్గా వెళ్ళాలని నడుము పట్టీ విప్పింది. జారుబండిని కొమ్మ దగ్గర వదిలింది. కర్రలు గుచ్చుకుంటూ తెలుపులోకి వెళ్ళిపోయింది.

కొమ్మ దొరకలేదు. కుడికి కొంచెం జరిగింది, ఎడమకు జరిగింది. ఇక చాలు, ఇంత దూరమే అనిపించినచోట ఆగి, వెనక్కి తిరక్కుండానే నోటికి చేతులడ్డం పెట్టుకుని పిలిచింది.

"అక్కా!"

పిలిచి, చెవి ఒగ్గి నిలబడింది.

గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. వినిపించలేదేమో అనుకుని ఇంకా గట్టిగా పిలిచింది. "అక్కా! ఓయ్!" టోపీ పైకి తోసి చెవి బయటపెట్టి, జవాబు ఏ వైపు నుంచి వస్తుందా అని తల తిప్పుతూ ఆగింది. కాస్త కోపం కూడా వచ్చింది, ఇంతసేపు పలక్కుండా ఏం చేస్తోందని.

అప్పుడు తెలిసింది.

స్కీల మీదే కూలబడింది. అక్టోబరులో గుంటలోకి పెట్టె దించుతున్నప్పుడు అక్క పోయిందని తెలుసు. వంతెన దాటి వెళ్ళి ఖాళీ మంచం మీది పక్క చుట్టిన రోజున తెలుసు. కానీ అవన్నీ ఎవరో చెబితే విన్నట్టు తెలిసిన సంగతులు. ఇప్పుడు, ఈ తెలుపులో, వెనక కొమ్మ దగ్గర ఎవరూ లేరు. తను వెళ్ళిన దూరాన్ని పట్టుకుని ఉండే మనిషి లేదు. వచ్చిన గీతలను పొడిమంచు అప్పటికే పూడ్చేసింది.

భయం వచ్చింది గాని, అది వెనక వచ్చింది. ముందు వచ్చింది సిగ్గులాంటిది. ఈ పొరపాటు చేసిన వాళ్ళ గురించి ఆమె వినలేదు. దారి తెలియక పోయినవాళ్ళున్నారు, తాగి పోయినవాళ్ళున్నారు, మొండికేసి పోయినవాళ్ళున్నారు. చచ్చిపోయిన మనిషిని కొమ్మ దగ్గర కాపలా పెట్టి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు.

"బుద్ధి ఉందటే నీకు?" అంది పైకే. ఆ మాట అక్క గొంతుతో వచ్చింది. ఆమె గొంతుకు అక్క గొంతుతో పోలికుందని అంతకుముందు ఎప్పుడూ తోచలేదు.

పార జారుబండిలో ఉండిపోయింది. ఒక స్కీ విప్పి, దాని కొసతో గట్టిపడ్డ మంచు దిబ్బ పక్కన తవ్వడం మొదలుపెట్టింది. చేతుల్తో తోడింది. ఒళ్ళు పట్టేంత గుంట అయ్యాక అందులో ముడుచుకుని కూర్చుంది. వీపు మీదుండే చిన్న సంచిలో దూదికోటు ఉంది, చాక్లెట్ ముక్క ఉంది, ఫ్లాస్కులో అడుగున కాఫీ ఉంది. కోటు తొడుక్కుని, రెండో స్కీ అడ్డం పెట్టి, చేతులు చంకల్లో దాచుకుంది. కాలివేళ్ళు బూటులో కదుపుతూ ఉండాలి. కదిపింది. నిద్ర పోకూడదు. బస్సు దారిలో వరసగా వచ్చే ఇళ్ళ పేర్లు చెప్పుకుంది, ఎక్కే పిల్లల పేర్లు, వాళ్ళ తల్లుల పేర్లు, ఎందుకంటే ఆ తల్లులూ ఒకప్పుడు అదే బస్సు ఎక్కారు.

ఆ గుంటలో ఆమె ఏడ్చింది. చెంపల మీద గడ్డకట్టకుండా చేతితొడుగుతో తుడుచుకుంటూ ఏడ్చింది. మట్టి చేసిన రోజున ఏడవలేదని ఊళ్ళో కొందరు చెవులు కొరుక్కున్నారు. అప్పుడు ఏడవడానికి తీరిక లేనంత పని ఉంది. పాదిరికి కాఫీ, వచ్చినవాళ్ళకు భోజనాలు, ఆవుల్ని ఎవరికి అప్పగించాలో చూడడం.

పొద్దు వాలే వేళకు గాలి ఆగింది. ఎవరో తలుపు మూసినట్టు ఒక్కసారిగా ఆగింది. గున్వోర్ గుంటలోంచి లేచి చూస్తే ఆకాశం అంచున సన్నటి పసుపు చార, దాని ముందు నల్లగా కొమ్మ, కొమ్మ పక్కన జారుబండి. పిల్లలు బంతి విసిరినంత దూరం కూడా లేదు. కాళ్ళు కొయ్యబారిపోయాయి, పాకినట్టే నడిచి వెళ్ళింది. గుడారం వేసి, స్టౌ వెలిగించి, కాళ్ళు నిద్రసంచిలో పెట్టుకుని, వేళ్ళకు తిమ్మిరి వదిలి మంటలెత్తేదాకా చూసి, హమ్మయ్య అనుకుంది. ఆ రాత్రి రాయిలా పడి నిద్రపోయింది.

తెల్లవారేసరికి మబ్బు తునక లేదు. గుడారం గుడ్డ పైకెత్తి తల బయట పెట్టింది. చెరువు చివర కనిపిస్తోంది, అవతల చిన్న మిట్ట కనిపిస్తోంది, ఆ మిట్ట మీద మంచు టోపీ పెట్టుకుని ముసలమ్మ రాయి కూర్చుని ఉంది. తిన్నగా వెళ్తే కాఫీ చల్లారేలోపు చేరొచ్చు. మంచు గట్టిపడి, స్కీ వేస్తే పాట పాడేలా ఉంది. ఇంకో రోజుకు సరిపడా తిండి ఉంది. హాల్వర్‌కు చెప్పిన వేళ దాటిపోతుందన్న మాట నిజమే, కానీ ఒక రోజు ఆలస్యానికి అతను కంగారుపడి మనుషుల్ని పంపడు. మాట నిలబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి రోజు రాదు.

గున్వోర్ గుడారం మడిచింది. అన్నీ కట్టింది. నడుముకు పట్టీ బిగించుకుంది. రాయి వైపు తిరిగి నిలబడింది.

అక్కడికి వెళ్తుంది. రాయి చాటున ఎప్పుడూ వేసేచోట గుడారం వేస్తుంది. అక్క పడుకునే వైపు సామాను పెట్టుకుంటుంది. చెయ్యగలదు. నిన్నటి గుంటలోంచి లేచిన మనిషి ఏదైనా చెయ్యగలదు. కానీ ఒక్కతే అక్కడ పడుకుంటే, అక్క లేదన్న సంగతి ఆ చోటుకు కూడా తెలిసిపోతుంది. వంతెనకు తెలిసింది, ఆవులకు తెలిసింది, చర్చిలో వెనక వరసకు తెలిసింది. నిన్న ఈ బయలుకు కూడా తెలిసింది. ఇక తెలియనిది ఆ రాయికి ఒక్కదానికే. అక్కడ ఇంకా ఇద్దరే ఉన్నారు. పోయిన ఫిబ్రవరిలో ఓస్తా కాఫీగ్లాసు చేతిలో పట్టుకుని, ఏ జవాబు బాగుందో వాదిస్తూ ఉంది.

"నన్ను తిట్టుకోవే," అంది గున్వోర్. గట్టిగా అనలేదు. జవాబు కోసం ఆగలేదు.

స్కీలు వెనక్కి తిప్పింది.

దిగడం తేలిక. మధ్యాహ్నానికి రోడ్డు చేరేసరికి హాల్వర్ కారు ఇంజను నడుస్తూనే ఉంది. అతనితో పాటు కొండ సంఘం వాళ్ళు ఇద్దరు, మంచు మీద నడిచే మోటారుబండితో సహా. నిన్నటి గాలి చూసి వచ్చారు. ఆమె కనబడగానే ముగ్గురూ ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ చూశారు, కంగారు పడ్డట్టు తెలియకూడదని.

"ఏమ్మా, బతికే ఉన్నావే," అన్నాడు హాల్వర్.

"నీ కొమ్మలు వంకరగా ఉన్నాయి."

"రాయి దాకా వెళ్ళావా?"

"లేదు."

"గాలికి ఆగిపోయావా?"

గున్వోర్ పట్టీ విప్పుకుంటూ ఉంది. తల ఊపిందో లేదో తెలియలేదు. హాల్వర్ ఊపిందనే అనుకున్నాడు.

"చూశారా?" అన్నాడు మిగతా ఇద్దరి వైపు తిరిగి. "ఇదీ బుద్ధంటే. ఈ కాలపు పిల్లలకు చెప్పండి. మాట ఇచ్చి కూడా వెనక్కి తిరిగింది. సిగ్గేం లేదు గున్వోర్, సిగ్గేం లేదు."

ఆ మాట ఊరంతా పాకింది. బడిలో మేష్టారు కూడా ఆమె పేరు చెప్పి పిల్లలకు నీతి చెప్పాడని విన్నది. కాదనలేదు. వివరించలేదు.

వివరించింది ఒక్కరికే. ఓస్తా కూతురు సిన్నోవ పట్నంలో పళ్ళ ఆసుపత్రిలో నర్సు. ఆ ఆదివారం వచ్చింది. తల్లి ఇంట్లోకి వచ్చినట్టే పిన్ని వంటింట్లోకీ బూట్లు విప్పకుండా వచ్చి తిట్లు తిన్నది. ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని గోధుమరొట్టె తింటుంటే అడిగింది.

"హాల్వర్ బాబాయి అంతా చెప్పాడు పిన్నీ. గాలి అంత ఉందా?"

"ఉంది. ముందురోజు."

"మరి మర్నాడు?"

"మర్నాడు ఎండ కాసింది. రాయి కనిపిస్తూనే ఉంది."

సిన్నోవ రొట్టె కింద పెట్టింది. "అయితే ఎందుకు వెనక్కొచ్చావ్?"

గున్వోర్ చెప్పింది. ఆమెకు మాటలు తక్కువ, చెప్పడానికి చాలాసేపు పట్టింది. కొమ్మ వదిలి వెళ్ళి పిలిచిన సంగతి చెప్పింది, జవాబు కోసం ఆగిన సంగతి చెప్పింది. రాయి సంగతి సగం చెప్పి, మిగతా సగం బల్ల మీద రొట్టె పొడి ఊడుస్తూ ఊరుకుంది.

"అమ్మకి ఇచ్చిన మాట తప్పావన్నమాట," అంది సిన్నోవ. నవ్వబోయి నవ్వలేకపోయింది.

"తప్పాను."

"వచ్చే ఏడు నేను వస్తాలే నీతో. ఇద్దరం వెళ్దాం."

"నీకు స్కీలు సరిగా రావు."

"నేర్పు."

"నీ గొంతు కూడా చిన్నది."

సిన్నోవ లేచి కాఫీగ్లాసులు కడిగింది.

గున్వోర్ ఆ తరవాత ఆరు చలికాలాలు బతికింది. బస్సు మానేశాక కూడా పొద్దున్నే లేచి, ఆ వేళకే కోటు తొడుక్కుని, వంతెన దాకా నడిచి వచ్చేది. ప్రతి ఫిబ్రవరిలో హాల్వర్ తలుపు తట్టి, "ఈసారి కొమ్మలు తిన్నగా పాతాను," అని చెప్పేవాడు. ప్రతిసారీ ఆమె, "మంచు బాగాలేదు ఈ ఏడు," అనేది. మంచు బ్రహ్మాండంగా ఉన్న ఏళ్ళలో కూడా అదే అనేది. అతను కూడా అవునంటూ తల ఊపి, లోపలికి వచ్చి కాఫీ తాగి వెళ్ళేవాడు.